వెనక టర్బో దగ్గర గంటన్నర

పోయిన వారం మా ఇంట్లో వాషింగ్ మెషీన్ తిరగడం మానేసింది. బాగు చెయ్యడానికి వచ్చినాయన మంచివాడు, పనిమంతుడు, కానీ మాటల పోగు. వెనక రేకు విప్పి, నోటితో రాష్ట్ర రాజకీయాలు చెబుతూ, చెయ్యి డ్రమ్ము వెనక్కి మోచేతిదాకా దూర్చాడు. ఆ డ్రమ్ము జారకుండా కింద ఒక చెక్కముక్క ఆనించి ఉంది, అంతే. నేను కుర్చీలోంచి ఎప్పుడు లేచానో నాకే తెలియదు. ఆయన భుజం పట్టుకుని ఇవతలికి లాగేశాను. "ఏమైందప్పా, కరెంటు గాని వస్తాందా?" అని అడిగాడు పాపం. "కరెంటు లేదు, ముందు నీ చెయ్యి బయటికి తియ్యి" అన్నాను. ఆయన నావంక అదోలా చూసి, డ్రమ్మును పూర్తిగా ఊడదీసి నేలమీద పెట్టుకుని పని చేశాడు. అరగంట పని రెండు గంటలు పట్టింది. మా ఆవిడ వంటింటి గడపలో నిలబడి ఇదంతా చూసింది. ఆయన వెళ్లాక, నా కుడిచేతి చివరి రెండు వేళ్లవంక ఒకసారి చూసి, ఎప్పుడూ అనే మాటే అంది: "ఆ పొద్దు మా తమ్ముడు ఆ గొట్టాలు కోసేసుంటే సరిపోయుండు."

పన్నెండేళ్లుగా ఈ మాట వింటున్నాను. వినగానే పేపరు తీసి మొహానికి అడ్డం పెట్టుకుంటాను. టెండర్ల ప్రకటనలైనా సరే, ఆ కాసేపు నాకంటే శ్రద్ధగా చదివేవాడు తిరుపతిలో ఉండడు. ఈసారి పేపరు చేతికి అందలేదు.

నా పని లారీ టర్బోలు. రేణిగుంట రోడ్డు పక్కన మాకొక షెడ్డు ఉండేది. గ్రానైట్ మోసే లారీలు, మామిడికాయల లారీలు, బోరు బండ్లు, ఎవరి టర్బో అరిచినా, ఎవరి టర్బో నూనె కక్కినా అక్కడికే వచ్చేవాళ్లు. తెలియనివాళ్లకోసం రెండు ముక్కలు చెప్పాలి. ఇంజన్ వదిలే పొగ ఊరికే బయటికి పోకుండా దారిలో ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు అవతలి కొసన ఇంకో చక్రం ఉంటుంది. అది బయటిగాలిని లాగి, అదిమి, ఇంజన్‌లోకి తోస్తుంది. గాలి ఎక్కువైతే మంట ఎక్కువ, మంట ఎక్కువైతే బలం ఎక్కువ. టర్బో అంటే అంతే. ఇరుసు పెన్సిలంత ఉంటుంది, తిరిగేటప్పుడు తిరుగుతున్నట్టు కూడా కనపడదు. దాన్ని బాగుచేసేవాడికి తొందర పనికిరాదు, చేతివణుకు పనికిరాదు, కబుర్లు అసలు పనికిరావు. నాకు ఆ మూడూ లేవు కాబట్టి ఆ పని నాకు కుదిరింది. కబుర్లు లేకపోవడం ఒక గుణమని మా ఆవిడ మాత్రం ఇప్పటికీ ఒప్పుకోలేదు.

మా బావమరిది నాకు పూర్తిగా వ్యతిరేకం. మా ఆవిడకు ఒక్కడే తమ్ముడు, ఆమెకంటే పదేళ్లు చిన్న. వాళ్లది చిత్తూరు పక్కన పల్లె, చెరుకు తోట, బెల్లం గానుగ. వాడికి తోటలో కంటే గానుగ ఇంజన్ దగ్గరే ధ్యాస. పాలిటెక్నిక్ చదివి, ఎక్కడా కుదురుకోక, నా షెడ్డుకు వచ్చి నాతోపాటే నిలబడిపోయాడు. వాడికి ముప్పై దాటాక ఒకరోజు మద్రాసు నుంచి లారీ మీద ఒక పాత జర్మనీ కారును తెచ్చి షెడ్డు ముందు దించాడు. రంగు వెలిసిపోయింది, సీట్లు ఎలుకలు కొట్టేశాయి. కానీ మూత ఎత్తితే లోపల ఒకే వరసలో ఆరు సిలిండర్లు, పొడుగ్గా, చక్కగా ఉన్నాయి. "సూడు బావా, ఆరూ వరసగా ఉండాయి. దీనికి రెండు టర్బోలు పెడదాం" అన్నాడు. ఒకటి చాలదా అన్నాను. "ఒక్కటే పెద్దది పెడితే అది నిద్ర లేసేలోపల మలుపు వచ్చేస్తాది. రెండు చిన్నవైతే తొక్కంగానే లేస్తాయి. ముందు మూడింటి పొగ ఒకదానికి, వెనక మూడింటి పొగ ఇంగోదానికి." ఒక పెద్ద కడవ ఎత్తుకోవడం కంటే చేతికొక చిన్న బిందె పట్టుకోవడం తేలిక అన్నట్టు ఉంది లెక్క. నాకు తప్పు కనపడలేదు.

తప్పు వేరేచోట ఉంది. వాడు చూసినవన్నీ ఫోన్‌లో విదేశాల వీడియోలు. కొలతలన్నీ వాటిలోంచే తీశాడు. ముందు టర్బో హాయిగా కూర్చుంది. వెనకది పెట్టబోతే చోటు లేదు, స్టీరింగ్ రాడ్డు సరిగ్గా అక్కడినుంచే దిగుతోంది. వీడియోలో చూస్తే ఆ చోటంతా ఖాళీ. మా కారులోకి ఆ రాడ్డు ఎక్కడినుంచి వచ్చిందో మాకు అర్థం కాలేదు. ఇద్దరం ఆ వీడియోను మళ్లీ మళ్లీ చూశాం. టీ ఇవ్వడానికి వచ్చిన మా ఆవిడ మా భుజాల మీదినుంచి తొంగిచూసి, "వాళ్లు ఎడమ పక్క కూసోని నడపతాండారు కదా" అని గ్లాసులు పెట్టి వెళ్లిపోయింది. ఆ దేశాల్లో స్టీరింగ్ ఎడమ పక్క, మనకు కుడి పక్క. ఆ ఇంజన్ పొగ వదిలేదీ కుడి పక్కే. పాతికేళ్లు బండ్ల కింద బతికిన నాకు ఆ సంగతి తోచలేదు. చివరికి ఆ వెనక టర్బోను స్టీరింగ్ రాడ్డుకూ, ఛాసిస్‌కూ, వెనకున్న రేకు గోడకూ మధ్య సందులోకి ఎలాగో ఇరికించాం. ఆ సందులోకి చెయ్యి పోవడం వరకు పోయేది, వెనక్కి తీసేటప్పుడు మాత్రం ఏ వేలు ముందు, ఏ వేలు వెనక అని ఆలోచించుకోవాలి.

బజారులో దొరికే గొట్టాలు ఆ సందుకు సరిపోవు. ఆరు సిలిండర్ల నుంచి రెండు టర్బోలకు పొగ తెచ్చే ఆరు గొట్టాలూ మేమే చేసుకోవాలి. ఆ పని నేను తీసుకున్నాను. స్వర్ణముఖి ఇసుక తెచ్చి, జల్లించి, మా ఆవిడ పాత పెనం మీద చుక్క తడి లేకుండా వేయించి, గొట్టంలో కూరి, రెండు కొసలకూ చెక్క బిరడాలు కొట్టి, ఎర్రగా కాల్చి వంచేవాణ్ని. లోపల ఇసుక ఉంటే గొట్టం నొక్కుకుపోకుండా వంగుతుంది. ఒక్కో టర్బోకు వెళ్లే మూడు గొట్టాలూ ఒకే పొడుగు ఉండాలి. అవి ఒక్కోటి ఒక్కో వంపు తిరుగుతాయి కాబట్టి టేపుతో కొలిస్తే నమ్మకం లేదు. ఒక కొస మూసి, ఇంట్లో కాఫీ గ్లాసుతో నీళ్లు పోసి, మూడింటికీ సమానంగా పట్టేదాకా వంచడం, పారెయ్యడం, మళ్లీ వంచడం. మూడు నెలలు పట్టింది. ఆరూ అతికి, వాటి అతుకుల మీద వేలు రాసి చూసుకున్న రోజు నాకు అన్నం సహించలేదు, సంతోషంతో. చెబితే నవ్వుతారు, బిగించేముందు వాటిని ఇంటికి తెచ్చి రెండు రోజులు మంచం పక్కన పెట్టుకున్నాను. లారీ టర్బో బాగుచేస్తే అది మునుపు తిరిగినట్టు తిరుగుతుంది, అంతకంటే ఏమీ కాదు. లేనిదాన్ని చెయ్యడం నాకు అదే మొదలు. యాభై ఏళ్ల వయసులో అలాంటి పిచ్చి పడితే దిగదు.

కారు లేచింది. శ్రీకాళహస్తి రోడ్డులో ఏర్పేడు దాటాక రోడ్డు ఖాళీగా ఉన్నచోట మా బావమరిది గట్టిగా ఒక్కసారి తొక్కాడు. రెండు టర్బోలూ ఒకే గొంతుతో సన్నగా అందుకున్నాయి. నా వీపు సీటుకు అతుక్కుపోయింది. వాడు తిరిగి నావంక చూశాడు, నేనేదో అనాలని. నేను రెండు చేతులా సీటు పట్టుకుని ఉన్నాను. వాడికి అది చాలు, ఇంటికొచ్చేదాకా పాట పాడుతూనే ఉన్నాడు. మూడో రోజుకు వెనకనుంచి నీలంపొగ మొదలైంది. వెనక టర్బోలో నూనె కిందికి దిగే చిన్న గొట్టం సరిగ్గా కూర్చోలేదు. దాన్ని విప్పి, కొత్త వాషరు వేసి బిగించాలి. సరిగ్గా అప్పుడే మా అత్తగారు విజయదశమి నాడు కారును అలిపిరికి తీసుకుపోయి పూజ చేయించాలని పట్టుబట్టారు. పొగ కక్కే బండిని కొండ కింద, అంతమంది కొత్త బండ్ల మధ్య నిలబెట్టి నిమ్మకాయలు తొక్కించడం మా బావమరిదికి ఇష్టం లేదు. చేతిలో ఉన్నది ఒక్కరోజు. అది ఆయుధపూజ రోజు.

ఆయుధపూజ అంటే మా షెడ్లవాళ్లకు ఏమిటో చెప్పాలి. ఆ రోజు పనిముట్లకు సెలవు. అన్నిటినీ కడిగి, తుడిచి, అమ్మవారి పటం ముందు వరసగా పెట్టి, పసుపు కుంకుమ పెట్టి, చామంతులు చుట్టి, గుమ్మడికాయ కొట్టాక మళ్లీ మర్నాడు పొద్దున హారతి ఇచ్చేదాకా ఎవరూ ముట్టరు. స్పానరు కూడా జరపరు. రోడ్డు పొడుగునా షెడ్లకు తాళాలు పడతాయి. మేమూ పొద్దున్నే అంతా పెట్టేశాం: మంచి ట్రాలీ జాకీ, ఇనుము కోసే గ్రైండరు, వెల్డింగ్ సెట్టు, స్పానర్లు. పూజ అయ్యాక మా బావమరిది తల గోక్కుంటూ, "బావా, పూజలో పెట్టనివి కొన్ని ఉండాయి కదా, వాటితో సేస్తే తప్పేముండాది" అన్నాడు. నిజమే, పూజకు పనికిరావని మూలకు తోసేసిన సామాను కొంత ఉంది. అందులో ఒక పాత బుడ్డి జాకీ, సీసాలా నిలువుగా ఉండేది, నూనె కారేది. అరిగిపోయిన రెండు స్పానర్లు. అమ్మవారికి కోపం రాకుండా, పనీ ఆగకుండా మేము పట్టిన దారి అది. మంచి పనిముట్లకు సెలవిచ్చి, చెత్త పనిముట్లతో ప్రమాదమైన పని మొదలుపెట్టాం.

ఇంజన్‌ను ఛాసిస్‌కు పట్టి ఉంచే కుడి పక్క మౌంటింగ్ విప్పి, ఆ బుడ్డి జాకీ మీద చెక్కముక్క వేసి, నూనె ఛాంబరు కింద ఆనించి ఇంజన్‌ను రెండంగుళాలు పైకి లేపాం. అప్పుడు సందు పెద్దదై చెయ్యి కిందిదాకా పోతుంది. నేను కుడి మడ్‌గార్డు మీదినుంచి వంగి చెయ్యి దూర్చాను. వాషరు కూర్చుంది, ఒక నట్టు ఎక్కింది. రెండో నట్టు తిప్పుతుండగా జాకీ నెమ్మదిగా, చప్పుడు లేకుండా కూర్చోవడం మొదలుపెట్టింది. నాకు మణికట్టు మీద ఏదో ఆనినట్టు తెలిసింది, చెయ్యి లాగుకుందామనుకున్నాను. చెక్క జారింది, జాకీ పడింది, ఇంజన్ దిగింది. వెనక టర్బో పొట్టకూ ఛాసిస్ పట్టీకీ మధ్య నా కుడి మణికట్టు ఉండిపోయింది. లోపల ఎముక చిట్లిన చప్పుడు చెవితో కాదు, పళ్లతో విన్నాను.

మా బావమరిది ఆలోచించలేదు. పూజలో ఉన్న ట్రాలీ జాకీని పూలతో సహా ఈడ్చుకొచ్చాడు. పడిపోయిన జాకీ కుడి పక్క అడ్డంగా ఇరుక్కుంది కాబట్టి ఎడమ పక్కనుంచే తోసి ఎత్తాడు. ఇంజన్ పైకి లేవలేదు, నావైపు ఒరిగింది. నేను అరిచిన అరుపుకు వాడే జాకీ దించేశాడు. ఇక మిగిలినవి రెండు దారులు. చైన్ పుల్లీ తెచ్చి ఇంజన్‌ను పైనుంచి నిలువునా ఎత్తాలి. మాకున్నది చిత్తూరులో ఒకరికి ఇచ్చాం, పక్క షెడ్డులో ఒకటుంది కానీ షెడ్డుకు తాళం, ఆ షెడ్డాయన తన అత్తగారి ఊరు చంద్రగిరికి పోయాడు. రెండోది, వెనక మూడు గొట్టాలూ కోసెయ్యడం. టర్బో వాటికే వేలాడుతుంది కాబట్టి, కోస్తే అది ఇవతలికి వచ్చేస్తుంది. అయిదు నిమిషాల పని.

వాడు గ్రైండరు తెచ్చాడు. దానికి కుంకుమబొట్టు ఉంది, వైరుకు చామంతి దండ ఉంది. ప్లగ్గు పెట్టి, చక్రం తిరిగిందో లేదో చూసి, "కళ్లు మూసుకో బావా, రవ్వలు పడతాయి" అన్నాడు. నా కళ్ల ముందు, జానెడు దూరంలో, ఆ మూడు గొట్టాలు. వేడికి నీలం, బంగారు రంగులు తిరిగి ఉన్నాయి. మూడు కలిసి ఒకటయ్యే చోట నేను వేసిన అతుకు కనపడుతోంది.

"కొయ్యొద్దురా" అన్నాను.

వాడికి అర్థం కాలేదు. "ఏం బావా?"

"పెట్రోలు వాసనొస్తాంది. రవ్వ పడిందంటే ఇద్దరం పోతాం. నువ్వు పోయి పుల్లీ తే."

పెట్రోలు లేదు. పొద్దున టాంకు ఖాళీ చేసింది నేనే, వాడు డబ్బా పట్టుకున్నాడు. ఆ సంగతి నాకు తెలుసు, వాడికి తెలుసు, నాకు తెలుసని వాడికి తెలుసు. వాడు గొట్టాలవంక చూశాడు, నావంక చూశాడు. అక్క మొగుడి మాటకు ఎదురు చెప్పడం వాళ్ల ఇంట్లో అలవాటు లేదు. గ్రైండరు నేలమీద పెట్టేశాడు. "ఓర్సుకో బావా, వచ్చేస్తా" అని మోటార్‌సైకిల్ తీసుకుని వెళ్లిపోయాడు. అప్పుడు మా షెడ్డు గడియారంలో పన్నెండూ పది.

ఆ తర్వాత నేనొక్కణ్నే ఉన్నాను. నిలబడలేను, కూర్చోలేను, మడ్‌గార్డు మీద వంగి ఉండాలి, అంతే. మొదటి పావుగంట నొప్పి ఉంది. ఆ తర్వాత నొప్పి తగ్గుతూ వచ్చింది, నేను మూర్ఖుణ్ని, తగ్గుతోందని సంతోషించాను. ముక్కుకు కర్పూరం, నూనె, పగిలిన గుమ్మడికాయ వాసన. రోడ్డు మీద తిరుమల బస్సులు పోతున్నాయి, లోపలినుంచి గోవింద నామాలు వినపడుతున్నాయి. పిలిస్తే ఎవరైనా వచ్చేవాళ్లేమో. పిలవలేదు. ఒక మనిషి ఇలా దొరికిపోయి ఉండగా ఇంకొకడు చూడటం అంటే సిగ్గు. చిటికెన వేలు కదిపి చూశాను, కదిలిందో లేదో తెలియలేదు. అప్పుడు భయం వేసింది. భయం వేశాక కూడా ఎడమచెయ్యి చాచి ఆ గొట్టాలను తడిమాను, ఎక్కడైనా నొక్కుకుపోయాయేమో అని. ఆ చెయ్యి అలా ఎందుకు వెళ్లిందో ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. గ్రైండరు నాకు మూడడుగుల దూరంలో నేలమీద ఉంది. వాడు ఇప్పుడు వచ్చి కోసేస్తే బాగుండును అని ఒకసారి, కొయ్యకపోతే బాగుండును అని ఒకసారి అనుకుంటూ గడియారం చూశాను.

ఒంటిగంటకు మా ఆవిడ పులిహోర, గుగ్గిళ్లు క్యారియరులో పెట్టుకుని ఆటోలో వచ్చింది. నన్ను చూసింది, నేలమీది గ్రైండరును చూసింది, తమ్ముడు లేకపోవడం చూసింది. ఏడవలేదు. నీళ్లు తాగించింది, చీర కొంగుతో మొహం తుడిచింది. "వాడేడి?" అంది. పుల్లీకోసం పోయాడన్నాను. "ఇది ఉండాదే ఈడ" అని గ్రైండరు చూపించింది. నేను కళ్లు మూసుకున్నాను. ఇంకో అరగంటకు వాడు పక్క షెడ్డాయన్ను వెనక కూర్చోబెట్టుకుని వచ్చాడు. చెమటకు చొక్కా తడిసి ముద్దయింది. మోటార్‌సైకిల్ దిగకముందే మా ఆవిడ అడిగింది, గట్టిగా కూడా కాదు: "ఆ గొట్టాలు కోసేస్తే నీకేమి పోతాదిరా? మనిషికంటే అవి ఎక్కువైపాయనా నీకు?"

వాడు నావంక చూశాడు. కళ్లు మూసుకునే ఉన్నాను, కానీ చూశాడని తెలుసు. ఇరుక్కున్నది నా చెయ్యి, నోరు కాదు. ఒక్క మాట చాలు. ఆమె మొహం చూస్తూ ఆ మాట చెప్పడానికి నాకు ధైర్యం చాల్లేదు. "తప్పైపోయినాదక్కా" అన్నాడు వాడు. పుల్లీ బిగించారు, ఇంజన్ లేచింది, చెయ్యి వచ్చింది. గడియారం చూశాను, ఒకటీ నలభై.

అక్కడినుంచి నేరుగా పుత్తూరు తీసుకుపోయారు. కట్టు కట్టే పెద్దాయన మణికట్టు ఒత్తి, సరిచేసి, కట్టు వేశాడు. ఆరు వారాలకు ఎముక చక్కగా అతుక్కుంది. చివరి రెండు వేళ్లు మాత్రం ముడుచుకోలేదు, స్పర్శా రాలేదు. చివరి కట్టు విప్పిన రోజు ఆయన ఆ వేళ్లు పట్టుకుని, "ఎముకకు ఏమీ లేదప్పా. నరమే, శానాసేపు నలిగినాది. అంతసేపు ఎందుకు పెట్టుకోనుండావు ఆడ?" అన్నాడు. పక్కనే ఉన్న మా బావమరిది, "తాళం దొరకలేదు సామీ" అన్నాడు. నేను చెప్పాల్సిన అబద్ధం కూడా వాడే చెప్పాడు.

రెండు వేళ్లు పనిచెయ్యకపోతే టర్బో ఇరుసు పట్టుకోలేం. షెడ్డు మూసేశాం. నేను స్పేర్ పార్టుల కొట్లో కౌంటరు దగ్గర కూర్చున్నాను. ఆ కారును వాడు నెల తిరక్కుండా ఇంజన్‌తో, టర్బోలతో, ఆ ఆరు గొట్టాలతో సహా మద్రాసులో ఎవరికో ఇచ్చేశాడు. నేను చేతినిచ్చి కాపాడుకున్న గొట్టాలు ఎవరి కారులో ఉన్నాయో, అసలు ఉన్నాయో లేదో కూడా తెలియదు. మా అత్తగారింటి బలగంలో వాడికి గొట్టాలోడు అని పేరుపడిపోయింది. పెళ్లిళ్లలో, పురుళ్లలో, ఎవరైనా మొహం గుర్తుపట్టకపోతే, "అదే, బావ చెయ్యి పోతాన్నా గొట్టాలు కొయ్యలేదు సూడు, ఆ గొట్టాలోడు" అని గుర్తు చెప్పేవాళ్లు. మా అత్తగారు పోయేదాకా కొడుకుతో మనసిచ్చి మాట్లాడలేదు. అవి విన్నప్పుడల్లా, ఈ జనం వెళ్లిపోయాక చెబుదాం అనుకునేవాణ్ని. వెళ్లిపోయాక, ఇప్పుడు చెబితే ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటారు అనుకునేవాణ్ని. ఏళ్లు గడిచేకొద్దీ ఆ ప్రశ్న పెద్దదవుతూ వచ్చింది. రోజూ అన్నం తినే ఇంట్లో, రోజూ పడుకునే మంచం మీద ఒక మాట గొంతులో పెట్టుకుని పన్నెండేళ్లు ఉన్నాను.

వాషింగ్ మెషీన్ బాగైన మర్నాడు బస్సెక్కి ఏర్పేడు పోయాను. మా బావమరిది అక్కడ కాలేజీ పిల్లల మోటార్‌సైకిళ్లు బాగుచేస్తాడు. జుట్టు సగం నెరిసింది. నన్ను చూసి కుర్చీ తుడిచి వేశాడు. "మీ అక్కకు చెప్పేస్తాండానురా" అన్నాను. ఏమిటి అని అడగలేదు. చైనుకు నూనె రాస్తున్నవాడు రాస్తూనే, "ఎందుకులే బావా. ఇప్పుడు సెప్తే అక్క నీతో ఎట్లుంటాదో ఏమో. నాకు అలవాటైపోయినాది" అన్నాడు. నిష్ఠూరంగా అని ఉంటే బాగుండేది. తనకు కాఫీలో చక్కెర వద్దని చెప్పినంత మామూలుగా చెప్పాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా ఆవిడ ముందుగదిలో నానిన అనపగింజలు పితుకుతోంది. ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను, పెట్రోలు సంగతితో సహా. ఆమె చేతులు ఆగలేదు. పప్పు గిన్నెలోకి, తొక్క చేటలోకి. మొత్తం అయ్యాక ఒక్కటే అడిగింది.

"నేను వాణ్ని అడిగినప్పుడు నీకు తెలివుండిందా?"

"ఉండింది."

ఆమె గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. రెండు రోజులు వేళకు అన్నం పెట్టింది, మాట్లాడలేదు. మూడో రోజు తమ్ముడికి ఫోన్ చేసి, "రేపు రారా, పితికిపప్పు సేస్తాండా" అంది. అంతకుమించి ఏమీ చెప్పలేదు. వాడు వచ్చాడు. ఈ పన్నెండేళ్లలో వాడు మా ఇంటికి ఎప్పుడొచ్చినా తినేసొచ్చినానక్కా అనేవాడు, గుమ్మం దగ్గరే నిలబడి చెప్పాల్సింది చెప్పి పోయేవాడు. తప్పు చేశాననే సిగ్గుతో తినడం లేదని ఆమె అనుకునేది. నిన్న కూడా అదే మాట అనబోయాడు. ఆమె వాడి మణికట్టు పట్టుకుని తీసుకొచ్చి కంచం ముందు కూర్చోబెట్టి, సంగటి పెట్టి, పులుసు పోసి, "నిదానంగా తిను, నాకేమీ పనిలేదు" అని ఎదురుగా కూర్చుంది. వాడు అక్కవంక చూసి, నావంక చూశాడు. ఈసారి నేను కళ్లు మూసుకోలేదు. వాడు తల దించుకుని తిన్నాడు. మధ్యలో రెండుసార్లు ఆగి మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు, ఆమె చూడనట్టు మళ్లీ పులుసు పోసింది. నా చెయ్యి ఇరుక్కున్న గంటన్నరను నేను నిమిషాలతో సహా చెప్పగలను. వాడు ఇరుక్కున్న పన్నెండేళ్లలో ఒక్కరోజైనా ఎలా గడిచిందో నాకు తెలియదు.